ఆరో వరుస మీద నీడ

సోలార్ ప్లాంటులో నా పని ప్యానెళ్లు కడగడం. సూపర్‌వైజరు నా భార్యకు అన్న. ఈ పని ఇప్పించింది అతనే. ఆరో వరుసలో మళ్లీ కరెంటు తగ్గిందని మధ్యాహ్నం పరుగున వచ్చాడు.

"ఏం బావా, నీళ్లతో కడుగుతున్నావా, నీళ్లు చూపించి వస్తున్నావా?"

"పొద్దున్నే మూడుసార్లు కడిగాను. వంగి చూడు, నీ మీసంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు."

"ఎకసెక్కాలొద్దు. సాయంత్రంలోగా సరికాకపోతే నిన్ను మానిపించమన్నాడు ఆఫీసరు."

చెయ్యి పట్టుకుని వరుస చివరికి లాక్కెళ్లాను. ఆఫీసరుకు స్వాగతమంటూ పోయిన వారం నిలబెట్టిన ఫ్లెక్సీ బోర్డు నీడ చివరి ప్యానెల్ మీద మూరెడు వెడల్పున పడుతోంది. వరుసంతా ఒకే తీగకు కట్టి ఉంటుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి చతికిలబడితే రెండోది మాత్రం ఏం లాగుతుంది?

"బోర్డు పక్కకు జరిపితే సరి," అన్నాను.

"అందులో ఆయన ఫొటో ఉంది. ముట్టుకుంటే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి."

"మరి నీడని కడగమంటావా?"

ఇంతలో అతని ఫోను మోగింది. "అవును సార్. వాడి బద్ధకమే సార్. ఇప్పుడే కడిగిస్తున్నా సార్."

ఫోను జేబులో పెట్టుకుని, నా మొహం చూడకుండా నీళ్ల గొట్టం అందించాడు. ఎండకి కాగిన ప్యానెల్ అద్దం మీద చన్నీళ్లు పడితే పగులుతుందని నాకు నేర్పింది కూడా అతనే.

ప్యానెల్ వదిలేసి ఆఫీసరు ఫొటో మీదికి నీళ్లు కొట్టాను. ఫ్లెక్సీ కదల్లేదు. ఆయన మరింత నిగనిగలాడాడు.