తెర కిందుగా దొర్లిన అప్పం

వాల్బుర్గా బట్టీ తలుపు తెరిచేసరికి మా ఊరు రేబెన్‌టాల్‌లో కోళ్ళు కూడా లేచేవి కావు. చిన్న గుమ్మడికాయంత గుండ్రటి రొట్టెల్ని చెక్కపార మీద ఒక్కొక్కటే బయటికి లాగి, కిటికీ పక్కన బల్ల మీద వరసగా పెట్టేది. ఆవిరి తగ్గాక వాటిలో ఏదో ఒకటి మెల్లగా బల్ల దిగి, గుమ్మం దాటి, వీధి వెంట దొర్లుకుంటూ వెళ్ళిపోయేది. ఎత్తు కూడా ఎక్కేది, కాస్త ఆయాసపడుతూ.

దొర్లే రొట్టెకు దారివ్వాలని మా ఊళ్ళో పసివాడికి కూడా తెలుసు. పాలబండి ఆగేది. కుక్కలు ఓసారి వాసన చూసి పక్కకు తప్పుకునేవి. రొట్టె ఎవరి గుమ్మం ముందు ఆగితే వాళ్ళది. అలా ఒక తలుపును ఎన్నుకున్న రొట్టెను మరొకరు ముట్టుకోరు. ఇది ఎవరూ రాసిన చట్టం కాదు. పిల్లలకు బూతులెలా వస్తాయో ఇదీ అలాగే వస్తుంది, నేర్పక్కర్లేదు.

ఆ ఇంటికే ఎందుకు వెళ్ళిందన్నది మాత్రం వాదన. ఆ వాదన రోజూ వాల్బుర్గా కొట్టు బెంచీ మీద జరిగేది. ఒక చివర కథోలిక గురువు ఫాదర్ ఆన్స్‌గార్, రెండో చివర ప్రొటెస్టెంటు పాస్టర్ ట్రౌగాట్. ఇరవై ఏళ్ళుగా ఒకే కూజాలో కాఫీ పోసుకుంటూ కూడా ఒకరినొకరు మీరనే పిలుచుకునేవారు. నేను హైడల్‌బర్గ్‌లో తత్వశాస్త్రం చదివి, ఊరికొచ్చి బడిలో లెక్కలు చెప్పుకుంటూ బతికినవాణ్ణి. అక్కడి పండితుల దగ్గర తేలని సంగతులు ఈ బెంచీ మీదా తేలలేదు. కాకపోతే ఇక్కడ కాఫీ బాగుండేది.

ఒకరోజు రొట్టె వెళ్ళి వెళ్ళి కోళ్ళదొంగ ఎమిల్ గుమ్మం ముందు ఆగింది.

"చూశారా ఫాదర్? వాడు జన్మలో ఒక్క మంచిపని చేసిన పాపాన పోలేదు. అయినా వచ్చింది. దాన్నే కృప అంటారు," అన్నాడు పాస్టర్.

"మొన్న వరదలో ముసలమ్మ మేకను భుజానేసుకొచ్చింది వాడు కాదూ? మంచి క్రియలు ఊరికే పోవండి."

"ఆ మేకను మర్నాడు వాడే దొంగిలించాడు కదండీ!"

"దొంగిలించాలన్నా ముందు కాపాడాలి కదా!"

వాల్బుర్గా పిండి చేతులు తుడుచుకుంటూ, "ఎమిల్‌కు ఆకలేసింది. ఇద్దరూ కాళ్ళు తీయండి, ఊడవాలి," అంది.

ఆమె గుమ్మానికి మాత్రం ఎప్పుడూ ఏ రొట్టే రాలేదు. అడిగితే, "నా దగ్గర బయల్దేరేది మళ్ళీ నా దగ్గరికెలా వస్తుంది?" అని నవ్వేసేది. ఆ నవ్వు చివర కొంచెం వెలితి ఉండేది. దాని సంగతి చెప్పాలంటే మా గుడి సంగతి చెప్పాలి.

మా ఊళ్ళో గుడి ఒకటే, మతశాఖలు రెండు. పూర్వీకులు కొట్టుకుని అలిసిపోయి ఒప్పందం రాసుకున్నారు. పీఠం ఉన్న వైపు కథోలికులది, జనం కూర్చునే వైపు ప్రొటెస్టెంట్లది. మధ్యన ఎర్ర మఖమలు తెర. తొమ్మిదికి తెరకు అవతల కథోలికుల పూజ, పదికి ఇవతల ప్రొటెస్టెంట్ల ఆరాధన. గోపురం మీది గడియారం కథోలికులది, గంట ప్రొటెస్టెంట్లది. మా ఊళ్ళో టైము ఒక మతం, దాన్ని చాటేది ఇంకో మతం.

వాల్బుర్గా కథోలిక పిల్ల. గంట కొట్టే కోన్రాడ్‌ను ప్రేమించి, పాస్టర్ చేత పెళ్ళి చేయించుకుంది. ఆ పెళ్ళి తమ లెక్కలో పెళ్ళే కాదని, ఇక ఆమెకు సత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, ఇవ్వకూడదని అప్పటి గురువు తేల్చేశాడు. తరవాత వచ్చిన ఫాదర్ ఆన్స్‌గార్ మెత్తటివాడు. ఒక దారి చూపించాడు.

"నా ముందు ఇద్దరూ నిలబడి ఆ పెళ్ళిమాట ఇంకొక్కసారి అనండమ్మా. నిమిషం పని. అంతా సర్దుకుంటుంది."

కోన్రాడ్ ఒప్పుకోలేదు. "మొదటిసారి అన్నప్పుడు దేవుడికి వినపడలేదా ఫాదర్? అప్పుడాయన నిద్రపోతున్నాడా?"

"నీతో కాదయ్యా మాట్లాడేది, మీ ఆవిడతో."

"మా ఆయన అన్నదే నా మాట కూడా ఫాదర్," అంది వాల్బుర్గా. "అది పెళ్ళి కాదంటే, మరి ఇన్నాళ్ళు ఈ గురక ఎవరిదని భరించాను?"

అలా ఆగిపోయింది. పీఠం మీద పెట్టే పలచటి అప్పాలు కూడా ఆమె బట్టీలోనే కాలేవి. ప్రతి ఆదివారం వాటిని పక్క తలుపు దగ్గర అందించి వెనక్కి తిరిగేది. పదింటికి కోన్రాడ్ పక్కన కూర్చునేది. ఆ ఆరాధనలో పంచే ప్రభువు బల్ల రొట్టె చేతికొస్తే తుంచకుండా పక్కవాళ్ళకు ఇచ్చేది.

"తినవే, దేవుడేం అనుకోడు," అనేవాడు కోన్రాడ్.

"మీకు ఆ రొట్టె ఆయన జ్ఞాపకం కోన్రాడ్. నాకు కావలసింది ఆయన."

ముప్పై ఏళ్ళు ఊరందరి కడుపూ నింపిన మనిషికి ఈ ఒక్క ఆకలి మిగిలిపోయింది.

ఇంతలో వేసవిలో గడియారాలు గంట ముందుకు జరపాలని సర్కారు రూలు తెచ్చింది. మొదలుపెట్టడానికి వాళ్ళకు ఈస్టర్ ఆదివారమే దొరికింది. రాత్రి జాగరణతో అలిసిన ఫాదర్, ఇది మతం పని కాదు, సర్కారు పని కాబట్టి గంట కొట్టే కోన్రాడే గడియారం జరుపుతాడులే అనుకున్నాడు. ఒప్పందం ప్రకారం వాళ్ళ గడియారం మీద తన చెయ్యి పడకూడదని కోన్రాడ్ దాని జోలికే పోలేదు. చేతి గడియారం చూసి కొత్త పదికి గంట కొట్టాడు. అదే క్షణాన గోపురం ముల్లు పాత తొమ్మిది మీద నిలిచింది. రెండు శాఖల జనమూ ఒకేసారి గుడికి వచ్చిపడ్డారు.

"మా టైము!" అన్నారు ప్రొటెస్టెంట్లు.

"పైకి చూడండి, మా టైము!" అన్నారు కథోలికులు.

పండగపూట ఎవరు ఇంటికి పోతారు? తెర దించి ఇద్దరూ మొదలెట్టారు. అవతల ఘంటికలు, ఇవతల ఆర్గన్. అవతలివాళ్ళు హల్లెలూయ అందుకుంటే ఇవతలివాళ్ళు ఊరుకోగలరా? ఇంకా గట్టిగా పాడారు. పోటీ మీద పాడుతూ పాడుతూ మూడో చరణానికి రెండు వైపులా ఒకటే రాగమైంది. నేను బడి పిల్లలకు అంత బాగా ఎన్నడూ నేర్పలేకపోయాను.

ఫాదర్ ఆశీర్వదించిన అప్పాల పళ్ళెం పట్టుకుని తన జనం వైపు తిరిగాడు. అందులోంచి ఒక అప్పం లేచి, అంచున నిలబడి, కిందికి దిగింది. పులియని పిండికి నడక రాదని మా ఊరి నమ్మకం. ఇది నాణెంలా నిటారుగా నిలబడి, మెట్లు దిగి, తెర కిందుగా ఇవతలికి దొర్లింది. మోకాళ్ళ మీదున్న ముసలాళ్ళు పక్కకు జరిగారు. బెంచీల్లో వాళ్ళు కాళ్ళు పైకెత్తారు. పాస్టర్ చేతిలో రొట్టెతో అలాగే నిలబడి దారిచ్చాడు. అది కోన్రాడ్ బూటు చుట్టూ తిరిగి, వాల్బుర్గా పండగ గౌను అంచు పట్టుకుని పైకెక్కి, ఆమె అరచేతిలో పడుకుంది.

తెర తొలగించుకుని ఫాదర్ పరుగున వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. చెయ్యి చాచాడు. తిరిగి తీసుకుంటాడా? కథోలిక శాసనం ప్రకారం తీసుకోవాలి. కానీ ఆయన కూడా ఇరవై ఏళ్ళు ఆ ఊరి వీధుల్లో రొట్టెలకు దారిచ్చినవాడే.

"ఫాదర్," అంది వాల్బుర్గా సన్నగా, "నేను పెళ్ళి మళ్ళీ చేసుకోను."

"నేనిప్పుడు అడగలేదమ్మా."

"మరి నాకు అర్హత..."

"అర్హత సంగతి నన్నడక్కు తల్లీ. అది తన తలుపు ఎన్నుకుంది." చాచిన చేతిని ఆమె తల మీద ఆనించాడు. "క్రీస్తు శరీరం."

"ఆమెన్," అంది వాల్బుర్గా. తుంచకుండా, నమలకుండా, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. పక్కనే కోన్రాడ్ తన రొట్టె ముక్క తిన్నాడు. ఇద్దరూ ఒకే పూట, ఒకే బెంచీ మీద.

ఆ మధ్యాహ్నమే బెంచీ మీద వాదన మొదలైంది.

"మీ లెక్కన అది రొట్టె కాదు కదా ఫాదర్. రొట్టె కాకపోతే ఎలా దొర్లింది?"

"వట్టి రొట్టే అయితే ముప్పై ఏళ్ళుగా వాల్బుర్గా బుట్టలో ఉన్నప్పుడు ఎందుకు దొర్లలేదండీ?"

పాస్టర్ కూజా ఎత్తి ఫాదర్ కప్పులో ఇంకాస్త కాఫీ పోశాడు. "ఒక మాట బాగా అన్నారు. ఈసారికి ఒప్పుకుంటాను," అన్నాడు. తరవాతి ఆదివారానికి వాళ్ళిద్దరే నిచ్చెన వేసుకుని, తెర కింది అంచు జానెడు కత్తిరించి కుట్టించారు. అప్పం ప్రతి వారం వచ్చేది. ఫాదర్ ఇక వెంట పరిగెత్తేవాడు కాదు. పీఠం దగ్గర నిలబడే గట్టిగా "క్రీస్తు శరీరం" అనేవాడు, తెర ఇవతలి నుంచి "ఆమెన్" వినిపించేది.

కానీ అంతకు ముందు, ఈస్టర్ మర్నాడు, ఊరు లేచేసరికి బట్టీ పొగ లేదు. వాల్బుర్గా నిద్రపోతోంది. ఇన్నేళ్ళలో ఎండ ముఖం మీద పడేదాకా ఆమె పడుకోవడం అదే మొదటిసారి. లేపడానికి మనసొప్పక కోన్రాడే పిండి కలిపాడు. గంట తాళ్ళు లాగే చేతులతో రొట్టె చేస్తే ఎలా ఉంటుంది? ఒక పక్క మాడి, ఇంకో పక్క పిండిగా, నాలుగు మూలలతో బయటికొచ్చింది. బల్ల మీద కాసేపు ఆలోచించింది. తరవాత ధబ్బున కిందికి దూకి, వీధి గుమ్మం వైపు చూడనైనా చూడకుండా వెనక్కి తిరిగి, మూల మూలకూ తట్టుకుంటూ, పడుతూ లేస్తూ మేడమెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.

చప్పుడుకు వాల్బుర్గా కళ్ళు తెరిచింది. "ఎవరది?" అంది.

పడకగది తలుపు నెమ్మదిగా తెరుచుకుంది.