ముట్టడి నాటి దుంప

కత్సినా పట్నానికి పోయే దారిలో, మట్టిగోడ చుట్టిన మా ఊళ్లో గురువులను పిలిచినట్టు అందరూ మాలం అని పిలిచే డిక్కో గొప్ప పండితుడు. మా అక్క కాండే భర్త. ముసలివాళ్ల దగ్గర కూర్చుని పాత సంగతులు రాసుకునేవాడు, లేకపోతే పొదల్లో పడి ఆకులూ వేళ్లూ ఏరుకొచ్చేవాడు.

తాతల కాలంలో శత్రువులు ఊరిని ముట్టడించినప్పుడు జనం అడవి దుంప తిని బతికారని బావ తను రాస్తున్న ఊరి చరిత్రలో రాశాడు. మసీదు పెద్ద మాలం జిబో మండిపడ్డాడు.

"ఆ దుంప తినే మొన్న నా మేక చచ్చింది. అది మన తాతలు తిన్నారా? ఈ అబద్ధాలు నా మసీదులో చదవనివ్వను!"

"మేక పచ్చిది తింది. వాళ్లు వండుకున్నారు," అన్నాడు బావ.

"అయితే నువ్వూ వండుకు తిను, చూస్తాం."

బావ దుంపలు తవ్వి తెచ్చాడు. చెక్కు తీసి, పలచగా తరిగి, బుట్టలో పెట్టి పారే వాగులో కట్టాడు. ముసలివాళ్లు చెప్పినట్టే చేదంతా పోయేదాకా నాననిచ్చి, తర్వాత ఉడకబెట్టాడు.

అక్క పొయ్యి దగ్గరే తగులుకుంది. "ఇంట్లో జొన్న సంకటి పెట్టుకుని విషం తినే మగాణ్ణి నిన్నే చూశా! నువ్వు పోతే నీ ఎండుటాకులు నాకు కూడు పెడతాయా?"

"మన తాతలు ఇది తినకపోయుంటే ఇవాళ నువ్వూ లేవు, నేనూ లేను కాండే."

శుక్రవారం నమాజు అయ్యాక మసీదు ముందు చింతచెట్టు కింద, అందరూ చూస్తుండగా తిన్నాడు. తిని చెట్టుకు ఆనుకున్నాడు. నీడ జరిగింది. కాసేపటికి ఆయన కళ్లు మూతపడ్డాయి, తల వాలిపోయింది.

అక్క కెవ్వుమంది. నేను భుజాలు పట్టి కుదిపాను. "బావా! బావా!"

గుర్రుమని గురక వినిపించింది.

"ఏమిట్రా ఈ గోల? దుంపలు వాగులో వేసిన దగ్గర్నుంచీ కంటి మీద కునుకు లేదు," అని విసుక్కున్నాడు.

జనం గొల్లుమన్నారు. అక్క అక్కడే కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

జిబో వచ్చి గిన్నెలోంచి ఒక ముక్క తీసి, వాసన చూసి, నెమ్మదిగా నమిలాడు.

"ఉప్పు చాల్లేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మా అమ్మ ఆ ముట్టడిలోనే పుట్టింది డిక్కో. ఏం తిని పాలిచ్చిందో మా అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదు."

బావ జరిగి ఆయనకు పక్కన చోటిచ్చాడు.