బెల్టు పక్కన బోను

ఆల్సీడ్‌ను రియాక్టరు షెడ్డులోంచి మోసుకొస్తున్నప్పుడు కూడా బెల్టు ఆగలేదు.

చెత్త ప్లాస్టిక్కు ఏరే బెల్టు దగ్గర నిలబడి, కిటికీలోంచి ఒడెస్సా చూసింది. మొహం మీద తడిగుడ్డ కప్పారు. బూట్లను బట్టి గుర్తుపట్టింది. ఆ పసుపు లేసులు తమ్ముడికి తనే కొనిచ్చింది. పరుగెత్తబోతే సూపర్‌వైజరు అడ్డం నిలబడ్డాడు.

"వెళ్ళి ఏం చేస్తావ్? డాక్టరువా? కళ్ళు బెల్టు మీద పెట్టు."

వాణ్ణి తోసుకుని వెళ్ళేసరికి వ్యాను తలుపులు మూసేశారు.

మిసిసిప్పీ కరకట్ట కింద ఆ ఫ్యాక్టరీ వచ్చినప్పుడు ఊరంతా సంబరపడింది. పారేసిన కప్పులూ పెట్టెలూ కరిగించి ఉడికిస్తారట, అవి ఏ నూనెలోంచి పుట్టాయో మళ్ళీ ఆ నూనెగానే విడగొడతారట, దాంతో కొత్త ప్లాస్టిక్కు చేస్తారట! తాతల నాటి నుంచి చెరకు తోటల్లో నడుములు విరగ్గొట్టుకున్న నల్లవాళ్ళ ఊరది. నీడపట్టున పని దొరుకుతుందంటే ఎవరు కాదంటారు? మగవాళ్ళు ప్లాస్టిక్కు ఉడికించే రియాక్టరు దగ్గర, ఆడవాళ్ళు బెల్టు దగ్గర కుదురుకున్నారు. ఒక షెడ్డువాళ్ళు ఇంకో షెడ్డులో కాలు పెట్టకూడదన్నది కంపెనీ కట్టడి.

నీళ్ళ పైపు ముక్కలూ స్నానాలగది పరదాలూ మాత్రం లోపలికి పోకూడదు. ఆ వేడికి అవి ఆమ్లం కక్కుతాయి. ఇనుమునే తినేసే ఆమ్లానికి మనిషి ఊపిరితిత్తులొక లెక్కా? అందుకే ఆడవాళ్ళు వాటిని చేత్తో ఏరి పక్కనున్న జాలీ బోనులో పడేసేవారు. బోను నిండితే బెల్టు ఆపి ఖాళీ చేసేవారు. ఇప్పుడా ఆమ్లమే ఒక గొట్టాన్ని లోలోపల కొరికేసింది. అది ఆల్సీడ్ మొహం మీద పగిలింది.

చర్చిలో శవపేటిక పక్కన నిలబడి మేనేజరు హోల్కూంబ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"బెల్టు దగ్గర కాస్త శ్రద్ధ పెట్టి ఉంటే ఈ బిడ్డ మనమధ్య ఉండేవాడు," అన్నాడు.

ఆ మాట అనడానికి వాడికి నోరెలా వచ్చిందో! చంపినవాడే వచ్చి, చచ్చినవాడి అక్క మీద ఆ చావు రుద్ది, తీరిగ్గా కారెక్కి పోయాడు.

చర్చి హాల్లో భోజనాలు పెట్టారు. ఎర్రచిక్కుళ్ళూ అన్నం, వేయించిన క్యాట్‌ఫిష్. ఎవరికీ ముద్ద దిగలేదు. మగవాళ్ళు ఒక గోడకి, ఆడవాళ్ళు ఇంకో గోడకి చేరారు. రియాక్టరు కుర్రాడు జునియస్ పళ్ళెం విసిరికొట్టాడు.

"మీరు కబుర్లాడుకుంటూ పైపు ముక్కలు వదిలేశారు. మావాడు చచ్చాడు!"

ఒడెస్సా తల వాల్చేసింది. పక్కనున్న ఎర్లీన్ ఊరుకునే రకం కాదు.

"నీ నోరు పడిపోను! ఏరి ఎక్కడ పడెయ్యమంటావురా? నీ నెత్తి మీదా? బోను తీసేసి నెల దాటింది!"

"తీసెయ్యడమేంటి?"

"నిండినప్పుడల్లా బెల్టు ఆపాల్సొస్తోందని ఆ హోల్కూంబే పెరట్లో పారేయించాడు. అన్నీ పోనివ్వండి, రియాక్టరు అరాయించుకుంటుందన్నాడు. ఒడెస్సక్క ఆ ముక్కల్ని ఏప్రాన్ జేబుల్లో కుక్కుకునేది. దొంగతనమని ఆ జేబులూ దులిపారు. మీకేం తెలుసు?"

రియాక్టరు మనుషుల్లో పెద్దవాడైన పర్విస్ లేచి వచ్చి ఒడెస్సా ముందు నిలబడ్డాడు.

"నిజంగా తెలీదమ్మా. వాడు చెప్పిందే నమ్మాం. నీకు మొహం చూపించలేకపోతున్నాం."

"నాకు మీ ఏడుపొద్దు మామా," అంది ఒడెస్సా. "వాడు ఏడవాలి. అందరి ముందూ ఏడవాలి."

"పైపులన్నీ లోపలికి తోసేద్దాం! పేలిపోనీ!" అని అరిచాడు జునియస్.

"పేలితే దగ్గరుండేది హోల్కూంబా, నువ్వా? ఇంకో అక్క నాలా ఏడవాలా?"

పర్విస్ మెల్లగా అన్నాడు.

"పేల్చక్కర్లేదు. లోపలున్న సరుకు కడిగి తియ్యకుండా మంట ఆపేస్తే చాలు. చల్లారి గడ్డకట్టి రాయైపోద్ది. ఉలులేసి చెక్కించుకున్నా చలికాలం దాకా తేలదు."

"మనవాళ్ళ ప్రాణానికేం కాదుగా?"

"కాదు. పోతే వాడి ప్రాణమే పోద్ది, ఆ రియాక్టరంటే వాడికి అంత ప్రాణం."

తమ్ముడు పోయాక మొదటిసారి ఒడెస్సా నవ్వింది. అది చూసి ఎర్లీన్‌కే ఒళ్ళు జలదరించింది.

సోమవారం హోల్కూంబ్ కొత్త వాటాదారుల్ని ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకొచ్చాడు. గేటుకు అడ్డంగా బోను ఉంది! తుప్పు పట్టిన దాన్ని ఆడవాళ్ళు పెరట్లోంచి మోసుకొచ్చి పెట్టారు. వెనకాల ఊరు ఊరంతా నిలబడింది. పిల్లల సంచులు మోస్తూ బడి పంతులమ్మ కూడా వచ్చింది.

"ఏంటీ తమాషా? తియ్యండి దాన్ని!"

"తీసింది నువ్వే కదా," అంది ఒడెస్సా. "ఎందుకు తీయించావో ఈ పెద్దమనుషులకి చెప్పు. మా తమ్ముణ్ణి ఎవరు చంపారో కూడా నీ నోటితోనే చెప్పు."

"ఈమెకి మతి చెడింది. షెరిఫ్‌ని పిలవండి!"

షెరిఫ్ పోలీసులు దగ్గర్లోనే కాచుకుని ఉన్నారు. డబ్బున్నవాడు పిలిస్తే వాళ్ళకి రెక్కలొస్తాయి. ఒడెస్సా చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. ఆమె మాత్రం పొగగొట్టం పైకే చూస్తోంది. అక్కడ రాత్రీ పగలూ వెలిగే మంట కాస్త కుంగి, రెపరెపలాడి, ఆరిపోయింది.

హోల్కూంబ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

రియాక్టరు మనుషులందరూ బయటికి నడిచొస్తున్నారు. ముందు పర్విస్, చేతి తొడుగులు ఊడదీసుకుంటూ.

"కడిగారా? లోపల కడిగారా, పర్విస్? చెప్పవయ్యా! దండం పెడతా, చెప్పు!"

"కాస్త శ్రద్ధ పెట్టి ఉండాల్సింది సార్," అన్నాడు పర్విస్.

వాటాదారులు గుడ్లప్పగించి చూస్తుండగానే హోల్కూంబ్ గోడ పట్టుకుని కూలబడి చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఎర్లీన్ పావడా ఎగదోపుకుని బోనులోకి ఎక్కింది.

"మేమూ ఏరిపారేసిన సరుకేగా! పట్టుకుపోండి!"

జునియస్ ఎక్కాడు. పంతులమ్మ ఎక్కింది. చోటు లేనివాళ్ళు జాలీ పట్టుకుని వేలాడారు. షెరిఫ్ మనుషులు ఎవరిని లాగాలో తెలియక తెల్లమొహాలు వేశారు.

ఒడెస్సాని ఎక్కించుకుని షెరిఫ్ కారు కదిలింది. ఆమె కిటికీ సందులోకి నోరు పెట్టి, గొంతు చీలిపోయేలా అరిచింది.

"ఆల్సీడ్! చల్లారుతోందిరా!"

బోనులోంచి ఊరంతా ఒక్క గొంతుతో అందుకుంది.

"చల్లారుతోందిరా, ఆల్సీడ్!"