బాగా కోలుకున్న రోగి

మా ఆయన్ని వేదికెక్కి మాట్లాడమని పిలిచారు. గుండె మందు మీద పరిశోధన ఘనంగా ముగిసిందట, అందులో అందరికన్నా బాగా కోలుకున్నది ఈయనేనట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మందు ఆపేసి అప్పటికే నెలలు గడిచాయి.

ఆయన దర్జీ. గుండె నీరసించి, మిషను తొక్కడానికే ఆయాసపడుతున్న రోజుల్లో పెద్ద డాక్టరు ఈ కొత్త మాత్ర ఇచ్చి చూస్తానన్నాడు. అబద్ధమెందుకు, అది పనిచేసింది. వెళ్ళినప్పుడల్లా నర్సు ఆయన్ని ఆస్పత్రి వరండాలో అటూ ఇటూ నడిపించి, ఎంత దూరం నడిచారో కొలిచేది. కాళ్ళవాపు దిగింది. కూరగాయల సంచీ తనే మోసుకుంటూ మేడెక్కేవారు. నాతో పోట్లాడే ఓపిక కూడా వచ్చింది. నా వంటకి ఆయన వంకలు పెడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఓ రోజు ఆస్పత్రివాళ్ళు మిగిలిన మాత్రలు వెనక్కి తీసేసుకున్నారు.

"స్టడీ అయిపోయిందమ్మా. అమ్మడానికి ఇంకా అనుమతి రావాలి. అప్పటిదాకా పాత మందులే వాడండి," అన్నాడు డాక్టరు.

"ఎప్పుడొస్తుందండీ?"

"ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు."

"మరి ఆ సంగతి ఈయన గుండెకి చెప్పారా?"

డాక్టరు నవ్వాడు. నేను జోకు వేశాననుకున్నాడు.

వాపు మళ్ళీ వచ్చింది. పడుకుంటే ఊపిరాడక, ఆయన గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నారు. మిషను మీద దుప్పటి కప్పేశాను. స్టడీ అయిపోయాక ఆయన్ని కొలిచే పని ఎవరికీ లేదు, అందుకే వాళ్ళ లెక్కలో ఆయనింకా మేడలెక్కుతూనే ఉన్నారు.

"వెళ్దామే. అందరి ముందూ మాత్రలడిగితే కాదనలేరుగా," అన్నారాయన. ఆ ఆశతోనే వెళ్ళాం.

హాలు నిండా కోట్లు తొడుక్కున్న డాక్టర్లే. తెర మీద ఓ గీత పైపైకి పోతోంది. అది మా ఆయన నడకట. పక్కనే ఈయన గాలాడక కాలరు గుండీ విప్పుకుంటున్నారు.

పిలిచారు, చప్పట్లు కొట్టారు. ఆయన వేదిక మెట్ల దాకా వెళ్ళి, కమ్మీ పట్టుకుని ఆగిపోయారు.

"మొహమాటపడకండి, రండి రండి!" అంటూ డాక్టరే దిగొచ్చి, మైకు ఆయన నోటి దగ్గర పెట్టాడు. "మందు వాడాక ఎలా ఉందో మీ మాటల్లోనే చెప్పండి."

ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు. ఎగశ్వాస ఒక్కటే వచ్చింది, హాల్లోని స్పీకర్లన్నిట్లోంచీ. చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలో ఎవరో తల దించుకున్నారు.

డాక్టరు మొహం మాడిపోయింది. మైకు వెనక్కి లాక్కోబోయాడు. నేను పరుగున వెళ్ళి అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"ఉండండి. మీరడిగిందే చెప్తున్నారుగా. పూర్తిగా వినండి."