పైకప్పు విప్పిన ఇల్లు

నలభైమందికి సరిపడా ఉల్లిపాయలు తరుగుతున్న మనిషికి కళ్ళు కారడం సహజం కాబట్టి ఆ రోజు ఎవాంజలిన్‌ని ఎవరూ ఏమీ అడగలేదు. కంచరపాలెంలో ఆ మధ్యే కొన్న పాత ఇల్లు అది. పైన పెంకులన్నీ విప్పేశారు. వెనక గదిలో గోడ నీడ పడిన చోట పీట వేసుకుని ఆమె తరుగుతుంటే, ముందు వాకిట్లో షామియానా కింద మైకులో పాట సాగుతోంది. ఉపవాస ప్రార్థనల కూడిక. అది ముగిశాక ప్రేమ విందు. ఉపవాసం అందరిదీ, విందు వండటం మాత్రం ఒక్క ఎవాంజలిన్‌ది. ఆమె కూడా ఉపవాసమే ఉంది గానీ, పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళ ఉపవాసం ఎవరి లెక్కలోకీ రాదు.

కూడిక పెట్టించింది అత్తగారు రత్నమణి. ప్లాను కాగితాలు ఆఫీసులో పెట్టకముందే దేవుడి సన్నిధిలో పెడితే అనుమతి దానంతటదే వస్తుందని ఆవిడ నమ్మకం. సంఘంలో ఎవరు బండి కొన్నా, ఎవరి బిడ్డ పరీక్ష రాసినా ముందు ప్రార్థన పెట్టించుకోవడం మామూలే. కాబట్టి పాస్టరుగారు వచ్చారు, రెండు ఆటోల నిండా కుర్చీలు వచ్చాయి, గేటుకి నిలువెత్తు బ్యానరు వచ్చింది. దాని మీద టిమోతి ఫొటో, రత్నమణి ఫొటో ఉన్నాయి. ఇల్లు ఎవరి పేరున ఉందో ఆ మనిషి ఫొటోకి చోటు చాలలేదట.

ఇల్లు ఎవాంజలిన్ పేరున ఉంది. ఆమె భర్త టిమోతి ఉక్కు కర్మాగారంలో పనిచేస్తాడు. ఉక్కునగరంలో కంపెనీ క్వార్టర్సులో కాపురం. ప్లాంటు సంగతి రేపెలా ఉంటుందో తెలియదని క్వార్టర్సులో తలా ఒక వ్యాపారం మొదలుపెడుతుంటే, టిమోతితో పాటు అదే డిపార్ట్‌మెంటులో పనిచేసే గోపి ఈ దారి చూపించాడు. పాత ఇల్లు కొనాలి, పెంకులు తీసి శ్లాబు వెయ్యాలి, రంగులేసి అమ్మెయ్యాలి. తన పేరున కొంటే ప్లాంటులో చెప్పుకోవాలి, ఎందుకొచ్చిన గొడవ అని టిమోతి భార్య పేరు రాయించాడు. రిజిస్ట్రేషన్ రోజు ఆమె తను నర్సుగా చేసే ఆస్పత్రిలో ఒక గంట పర్మిషన్ తీసుకుని వచ్చి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి, వేలిముద్రలు వేసి, మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయింది. ఇల్లు ఎలా ఉంటుందో అప్పటికి ఆమె చూడను కూడా లేదు. సంఘంలో ఆడవాళ్ళతో మాత్రం రత్నమణి, నా కొడుకు పెళ్ళానికి ఇల్లు రాసిచ్చాడమ్మా అని చెప్పుకుంది. రాసిచ్చిన ఇల్లు ఎప్పుడు అమ్మాలో, ఎవరికి అమ్మాలో కూడా రాసిచ్చినవాళ్ళే మాట్లాడుకున్నారు.

అనుమతి వచ్చాక పెంకులు విప్పాలని తెలిసిన సంగతే. కానీ గోపికి తొందర. "ముందు ఇప్పేద్దాం బావ, కాయితాలు ఎనకాలొత్తాయి," అన్నాడు. విప్పేశారు. ఆ వెనకే కూడిక. పక్కింటి చలమయ్యగారు మూడు గంటలు మైకు విన్నారు, తన గేటుకి అడ్డంగా పెట్టిన బళ్ళు చూశారు, బ్యానరు చదివారు. ఆ ఇంటిని ప్రార్థన మందిరంగా మారుస్తున్నారని ప్లానింగ్ ఆఫీసులో అర్జీ పెట్టారు. ఆయన పగబట్టిన మనిషేం కాదు. తర్వాత ఎవాంజలిన్ కనబడితే ఆయనే నొచ్చుకున్నారు. "మా మనవరాలికి పరీచ్చలమ్మా. మైకెట్టీసినారు. నానేటి సేసీది మరి?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. ఆ మైకు మోత ఆమెకు కూడా తలనొప్పి తెచ్చింది.

అర్జీ పడ్డాక పెట్టిన ప్లాను ఫైలు కదలనే లేదు. పని ఆపమని నోటీసు గేటుకి అంటించి వెళ్ళారు. ఇక అక్కణ్ణుంచి తిరగడం మొదలైంది. షార్ట్‌ఫాల్ పడిందంటారు, అంటే ఏదో ఒక కాగితం తక్కువైందని. అది పట్టుకెళ్తే ఇంకోటి తక్కువవుతుంది. పాత ఇంటి పన్ను రసీదు అమ్మినవాళ్ళ పేరున ఉంది, మార్పించుకు రమ్మన్నారు. మార్పించే ఆఫీసులో, కొత్త ప్లాను వచ్చాకే మారుస్తామన్నారు. ప్లాను గీసిన ఇంజినీరు ఫోనెత్తడు. ఎత్తినా, సార్‌ని లైన్లోకి రమ్మనండి మేడమ్, మీకు అర్థం కాదు అంటాడు. ఆఫీసులో ఏ బల్ల దగ్గరికి వెళ్ళినా మొదటి మాట, మీ ఆయన రాలేదా అని. ఇంటికి వచ్చి ఆ మాట చెబితే టిమోతి, పేరు నీదైనప్పుడు నాను ఎల్తే ఏటి నాబం అంటాడు. ఆ రెండు మాటల మధ్య ఆమె ఉక్కునగరం నుంచి కంచరపాలేనికి, అక్కడినుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఆస్పత్రికి బస్సులు మారుతూ తిరిగింది. షిఫ్టు మార్చుకోవడం కుదరదన్న టిమోతికి గోపి తమ్ముడి పెళ్ళికి మాత్రం కుదిరింది. ఆ సంగతి ఆమెకు గుర్తుంది గానీ ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో తెలుసు. ఒక పూట మాటలుండవు, వంట మాత్రం ఉంటుంది.

ఎందుకు ఆలస్యమవుతోందో రత్నమణి ఒక రోజు తేల్చేసింది. "నీకు ఇస్వాసం తక్కువ పిల్లా. ఆ రోజు అందరం పార్దన్లో కూకుంటే నువ్వు ఎనక గదిలో కూకున్నావు," అంది. ఎవాంజలిన్ అప్పుడు ఆవిడ కంచంలో చేప ముక్క వేస్తోంది. ముక్క చేతిలోనే ఆగింది. వంట ఎవరు చేశారనుకుంటున్నావు అత్తయ్యా అని అడగాలనిపించింది. అడగకుండా ముక్క వేసి, పులుసు కూడా వేసింది. ఆ తర్వాత చాలాసేపు తన మీద తనకే కోపంగా ఉండింది. పదిహేనేళ్ళుగా ఇలా మింగిన మాటలన్నీ ఎక్కడికి పోతాయో ఆమెకు అర్థం కాదు.

ఆమె మనిషిగా మసిలేది ఒక్క చోటే. గాజువాక దగ్గర ఆస్పత్రిలో డయాలసిస్ వార్డు. వారానికి మూడుసార్లు వచ్చే రోగులందరికీ ఆమె పేరు తెలుసు. పెందుర్తి నుంచి వచ్చే వరహాలమ్మ అయితే ఎవాంజలిన్ పాప సూదేస్తేనే నొప్పెట్టదని, ఆమె వచ్చేదాకా చెయ్యి చాపేది కాదు. అక్కడ ఎవరూ ఆమెను మీ ఆయన రాలేదా అని అడగరు. నాలుగ్గంటల పాటు ఆ యంత్రాల మధ్య, ఆ మనుషుల మధ్య, తను చెప్పిన మాట నిలుస్తుంది. అందుకే ఆ ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఆమెను లోపల్లోపల తినేసేది. సెలవులు అయిపోయాయి. జీతం లేని సెలవులూ అయిపోయాయి. ఇన్‌ఛార్జి కుసుమకుమారి సిస్టర్ పిలిచి, ఇంకొక్కసారి చెప్పకుండా మానేస్తే నా చేతుల్లో ఉండదు, మీ ఆయన్ని పంపకూడదా అని అడిగింది. ఆయనది షిఫ్టు డ్యూటీ సిస్టర్ అంది ఎవాంజలిన్.

"మరి మనది?" అంది కుసుమకుమారి.

ఇంటిని చూడ్డానికి వస్తామని ఆఫీసువాళ్ళు అప్పటికే రెండుసార్లు చెప్పి రాలేదు. మూడోసారి ఆమె డ్యూటీకి బయల్దేరుతుంటే ఫోను వచ్చింది. ఈ రోజు సార్ వస్తున్నారు, ఓనరు ఉండకపోతే ఫైలు తిప్పి పంపేస్తామన్నారు. టిమోతి నైటు డ్యూటీ చేసి వచ్చి అప్పుడే పడుకున్నాడు. లేపింది. ఈ ఒక్కసారి మీరెళ్ళండి, నా ఉద్యోగం పోతుంది అని చెప్పింది. అలాగే చెప్పింది, దాచకుండా. అతను దుప్పటి లాక్కుంటూ, అలాటి ఉజ్జోగాలు ఊరంతా ఉన్నాయి, ఇల్లు అమ్మితే నీకా అవసరమే ఉండదు అన్నాడు. ఆమె కంచరపాలెం వెళ్ళింది. సారు పొద్దువాలాక వచ్చాడు. మగవాళ్ళెవరూ లేరా అన్నాడు. టేపు ఒక కొస ఆమె చేతికిచ్చి, గోడలు కొలిచి, ఆ కొలతలు గోడ అవతల నిలబడ్డ చలమయ్యగారికి చదివి వినిపించాడు. టేపు పట్టుకోవడానికి మాత్రం ఆమె పనికొచ్చింది. మర్నాడు ఆస్పత్రికి వెళితే రాజీనామా రాసిచ్చెయ్యమన్నారు. రాసిచ్చింది. వరహాలమ్మ వచ్చే రోజు కాదది, అదొక్కటే మేలు.

ఇంట్లో చెప్పలేదు. భయపడి కాదు. చెబితే వాళ్ళేమంటారో తెలుసు. మంచిదే అయింది, ఇంక ఆఫీసు పని మీద తిరగడానికి తీరిక ఉంటుంది అంటారు. రత్నమణి స్తోత్రం అని కూడా అంటుంది. ఆ ఒక్క మాట వినలేననిపించింది. మర్నాడు కూడా మామూలుగానే లేచి, టిమోతికి బాక్సు సర్ది, తనకూ ఒకటి కట్టుకుని, డ్యూటీ బట్టలతో బస్సెక్కింది. ఎక్కడికి వెళ్ళాలో తెలియక కంచరపాలెం టిక్కెట్టు తీసుకుంది.

అలా రోజూ వెళ్తోంది. వెనక గదిలో చాప వేసుకుని, నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చుంటుంది. పోర్టు వైపు నుంచి బొగ్గు ధూళి వచ్చి గోడల మీద, బాక్సు మూత మీద నల్లగా వాలుతుంది. తుడవదు. అన్నీ తుడిచే మనిషి ఇక్కడ ఏమీ తుడవదు. మొదటి రోజు ఏడ్చింది, రెండో రోజూ ఏడ్చింది, తర్వాత మాత్రం నిద్ర పట్టింది. పెళ్ళయ్యాక పట్టపగలు నిద్రపోవడం అదే మొదలు. చలమయ్యగారి భార్య పాపాయమ్మ గోడ మీంచి గ్లాసుడు మజ్జిగ అందిస్తుంది, ఎందుకిక్కడ కూర్చున్నావని అడగదు. ఇది సుఖమని ఎవాంజలిన్ అనుకోలేదు. చదువుకుని, ఉద్యోగం చేసి, చివరికి ఒక మొండిగోడల గదిలో ఎండకి తలమీద కొంగు కప్పుకుని కూర్చోవడం సుఖమెలా అవుతుంది? కానీ ఈ ఊళ్ళో ఎవరూ ఆమెకు పని చెప్పని చోటు ఇదొక్కటే. నెల తిరిగి జీతం పడకపోతే ఇంట్లో తెలుస్తుంది. అప్పటిదాకానైనా అని అనుకునేది.

ఈలోగా ఫైలు కదిలింది. ఈ ఇంట్లో ప్రార్థనలు గానీ, కూడికలు గానీ జరపబోమని ఓనరు ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి, పెడితే అనుమతి ఇస్తామన్నారు. కొనేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ముందు రోజు సాయంత్రం ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. ఎవాంజలిన్ వంటింట్లో చపాతీలు ఒత్తుతూ వింది. దేవుణ్ణి కాదని రాసిస్తే ఎలా అని టిమోతి నసిగాడు. రత్నమణి కాసేపు ఆలోచించి నింపాదిగా తీర్పు చెప్పింది.

"సంతకం ఎట్టినోల్ల తలమీదే పాపం. ఇల్లు ఎవా పేరునుంది గదా. మనకంటదు."

టిమోతి ఏమంటాడోనని ఎవాంజలిన్ అప్పడాల కర్ర ఆపి ఎదురుచూసింది. అతను, చపాతీలు అయ్యాయా అని కేకేశాడు.

మర్నాడు టిమోతికి సెలవు దొరికింది. గోపికి కూడా దొరికింది. ఆఫీసరు గదిలో టిమోతి ఆఫీసరుకి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు, గోపి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎవాంజలిన్‌కి గోడ దగ్గర స్టూలు చూపించారు. ఆఫీసరు మర్యాదస్తుడే. కానీ చెప్పేదంతా టిమోతికే చెప్పాడు. ఆఖర్న, మేడమ్‌గారు ఇక్కడ పెట్టేస్తే అయిపోతుందండి అని కాగితం టిమోతి ముందుకి జరిపాడు. టిమోతి దాన్ని ఆమెకిచ్చి పెన్ను మూత కూడా తీసిచ్చాడు.

"నాను ఎట్టనండి," అంది ఎవాంజలిన్.

ఆఫీసరు అర్థమైనట్టు తలూపి, ఇది మీ దేవుడి మీద ఒట్టు కాదమ్మా, ఉత్త కాగితం అని నచ్చజెప్పాడు.

"దేవుడి మాట కాదండి," అని ఆమె భర్త వైపు తిరిగింది. "ఆ కొలతల రోజున నా ఉజ్జోగం పోయింది."

టిమోతికి అది వెంటనే ఎక్కలేదు. "ఏటంతన్నావ్ ఎవా? నిన్న కూడా డ్యూటీ బట్టలేసుకుని బాక్సు అట్టుకెల్లావు కదా."

"ఎల్తన్నాను. ఆ ఇంటికెల్లి గోడ నీడని కూకుని, బాక్సు తినేసి వత్తన్నాను. మరి నాకు ఎల్లడానికి ఇంకే చోటూ నేదు. అది నాను అమ్మను."

టిమోతి ముఖం ఎర్రబడింది. ఆఫీసరు ఎదుట అరవలేక గోపి వైపు చూశాడు. గోపి గొంతు తగ్గించి, ఆమె చిన్నపిల్ల అయినట్టు బుజ్జగిస్తూ చెప్పాడు.

"వానలొచ్చేత్తన్నాయి సెల్లెమ్మా. పైన కప్పు నేదు. ఆ మట్టిగోడలు ఎన్నాల్లుంతాయి?"

ఆమె పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఉన్నన్నాల్లూ కూకుంతాను అన్నయ్యా."