సకుటుంబంగా సదస్సుకు

ఇది ఎనభై రెండులో మాట. అనంతపురం కాలేజీలో చరిత్ర చెప్పే వెంకటేశులుకు ఆ ఎండాకాలమంతా ఒకటే యావ. ఆగస్టులో తమ కాలేజీలో మధ్యయుగ, తొలి ఆధునిక యుగ చరిత్రల మీద ప్రాంతీయ సదస్సు జరగబోతోంది. దానికి ధార్వాడ నుంచి రామలక్ష్మి రావాలి. మిగతా పండితులు వచ్చినా సరే, రాకపోయినా సరే. సదస్సు కార్యదర్శిగా తాను అలా అనుకోకూడదు, నిజమే. కానీ మనసు ఏ కార్యవర్గం మాటా వినదు కదా.

వాళ్లిద్దరూ తిరుపతిలో కలిసి ఎమ్మే చదివారు. ఒక వేసవంతా కంబదూరు గుళ్లలో శాసనాలకు నకళ్లు తీశారు. తడి కాగితాన్ని రాతి మీద పరిచి ఆమె పట్టుకుంటే అతను సిరా అద్దేవాడు. గాలికి కాగితం లేచిపోకుండా చూడడమే పెద్ద పని. సాయంత్రానికి ఇద్దరి చేతులూ నల్లబడేవి. ఆ చేతులతోనే బొరుగులు తింటూ ఒకరినొకరు చూసి నవ్వుకునేవారు. పెళ్లి చేసుకుందామా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. అడగనక్కర లేదనుకున్నారు.

చదువు కాగానే వెంకటేశులు ముదిగుబ్బ వెళ్లి ఆమె నాయన పుల్లన్నను అడిగాడు. పుల్లన్న నూరెకరాల ఆసామి. శనక్కాయల కల్లంలో నిలబడే జవాబు చెప్పాడు.

"ధర్మవరం మగ్గాలోళ్లకు మేము పిల్లనిచ్చేది లేదప్పా. బస్సుకు టైమైతాండాది, పో."

వెంకటేశులు తల వంచుకుని బస్సెక్కాడు. ఆ పని అతనికి బాగా వచ్చు. రామలక్ష్మి పరిశోధనకని ధార్వాడ వెళ్లి అక్కడే ఉద్యోగంలో చేరిపోయింది. పన్నెండేళ్లుగా ఆమె వ్యాసాలు వచ్చినవి వచ్చినట్టు చదువుతున్నాడు గాని, ఆమెకు పెళ్లయిందో లేదో ఏ వ్యాసమూ చెప్పదు. ఎవరినైనా అడగొచ్చు. అడిగితే జవాబు చెబుతారని భయం.

ఆహ్వానాలు అచ్చువేసే పని ఈశ్వరప్ప ప్రెస్సుకు ఇచ్చారు. పెళ్లి పత్రికలు వేయడంలో ఈశ్వరప్ప చెయ్యి తిరిగినవాడు. సదస్సు పేరు, తేదీ, స్థలం తప్పు లేకుండా వేసి, అడుగున తనంతట తానే ఒక వాక్యం చేర్చాడు: "కావున తాము సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేయ ప్రార్థన."

వెంకటేశులు నెత్తి కొట్టుకున్నాడు. "ఏమప్పా ఇది, పెండ్లా, సదస్సా?"

"ఆ మాట లేకుంటే పిలిచినట్లు యాడుంటాది సార్?" అన్నాడు ఈశ్వరప్ప. "ఒంటిగా రమ్మంటే మర్యాదస్తులు ఎవురొస్తారు?"

ప్రిన్సిపాలు పడీ పడీ నవ్వి, మళ్లీ వేయించే వ్యవధి లేదు, పంపేయమన్నాడు. రామలక్ష్మి పేరు రాసిన పత్రిక దగ్గర మాత్రం వెంకటేశులు చెయ్యి ఆగిపోయింది. మొగుణ్ణీ పిల్లల్నీ వెంటబెట్టుకుని రమ్మని తానే అడుగుతున్నట్టుంది. పోనీ కొట్టేద్దామంటే, ఆమెకొక్కదానికే కొట్టేస్తే ఇక దాచుకోవడానికేం మిగులుతుంది? ఉన్నది ఉన్నట్టే పోస్టు చేసి, ఆ రోజు నుంచీ లోలోపల కుమిలిపోయాడు.

పండితులు నిజంగానే సంసారాలతో దిగారు. వాన మొహం చాటేసిన సంవత్సరమది, ఊరంతా ట్యాంకరు కోసం కాచుకుని ఉంటే, కర్నూలు ఆచార్యుడి అత్తగారికి తలంటుకు వేడినీళ్లు కావాలట. బళ్లారి ఆచార్యుడి భార్యకు ధర్మవరం చీరలు చూపించాలట. వెంకటేశులు అందరికీ సరేనని, గుంతకల్లు నుంచి వచ్చే పాసింజరు కోసం స్టేషనుకు పరుగెత్తాడు. రామలక్ష్మి దిగితే ఆమె వెనక ఎవరు దిగుతారు? ఆ ప్రశ్న తప్ప అతని బుర్రలో ఇంకేమీ లేదు.

రామలక్ష్మి దిగింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. దిగి, వెనక్కి తిరిగి, రైలు పెట్టెలోకి చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకుని, మెట్టు కోసం కాలితో తడుముకుంటూ దిగినవాడు పుల్లన్న. ముసలాయనకు చూపు పోయినట్టుంది.

"కుటుంబంతో రమ్మని వేసినావు గదా," అంది రామలక్ష్మి. "నాకుండే కుటుంబం ఇంతే. అమ్మ పోయినంక నాయన నా కాడనే ఉండాడు. మీ ఇంట్లోవాళ్లు యాడ?"

వెంకటేశులుకు పట్టరాని సంతోషం కలిగింది, ఆ వెనకే అంతకంటే పెద్ద దుఃఖం. "మా అమ్మ, నేను. ఇంకెవురూ లేరు," అన్నాడు ఎలాగో.

రామలక్ష్మి అతని మొహం నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

వెంకటేశులు గొంతు విని పుల్లన్న తలెత్తాడు. "ధర్మవరం పిల్లోడివి గదా? నువ్వు గూడా పెండ్లి చేసుకోలేదా?"

"లేదు."

"ఏం మనుషులప్పా మీరు!" అన్నాడు ముసలాయన. "ఆ పొద్దు ఏదో పంతం మీద వద్దంటి. ఒకసారి వద్దంటే బతుకంతా వద్దేనా? మళ్లా వచ్చి అడిగేకి నీకు నోరు లేదా? నువ్వన్నా ఎందుకు పాపా, ఆ మాటే పట్టుకుని కూచున్యావు?"

"నువ్వు మళ్లా సరే అనలేదు గద నాయనా," అంది రామలక్ష్మి. "దినామూ చూస్తాంటి, అంటావని."

పుల్లన్న ప్లాట్‌ఫాం మీదే కూలబడి కండువాతో మొహం కప్పుకున్నాడు. వాళ్లిద్దరూ చెరోపక్క నిలబడి, ఆయనను లేపాలో, తమలో తాము మాట్లాడుకోవాలో తెలియక అలాగే ఉండిపోయారు.