పంతులమ్మ స్కూటరు

పంతులమ్మకు ఆ ఊరి మంచితనం మొదటి నుంచీ మింగుడు పడలేదు. అడక్కుండానే బడి కప్పు బాగుచేశారు, విరిగిన బెంచీలకు కాళ్లు వేశారు, అద్దె వద్దంటూ ఆవిడకు గది ఇచ్చారు. ఊరికే ఇంత చేస్తారా ఎవరైనా? పిల్లలను అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కున నవ్వారు.

పైగా ఆవిడ పాత స్కూటరొకటి. బడికీ గదికీ మధ్య గుర్రంలా పరుగెత్తేది. పట్నం వైపు తిప్పితే మాత్రం వంతెన దగ్గర దగ్గి దగ్గి ఆగిపోయేది. తోసుకుంటూ వెనక్కి వస్తే, కార్బురేటర్లో చెత్త పడిందంటూ మెకానిక్ చిటికెలో బాగుచేసేవాడు.

ఈసారి ఆగేసరికి ఆవిడకు తిక్క రేగింది. సీటు లేపి ట్యాంకు మూత తీసింది. లోపల చుక్క పెట్రోలు లేదు. నిన్ననే నిండా పోశానన్నాడు ఆ మహానుభావుడు!

ఎండలో తోసుకొచ్చి అతని కొట్టు ముందు నిలబెట్టింది.

"నన్ను ఊళ్లో కట్టిపడేద్దామనా బాబూ, ఈ నాటకం?"

మెకానిక్ తల వంచుకుని చేతులు తుడుచుకున్నాడు. "మీకంటే ముందొచ్చిన మాస్టార్లందరూ ఆ వంతెన దాటి వెళ్లినవాళ్లేనమ్మా. ఒక్కరూ తిరిగి రాలేదు."

"నేనూ అంతేనని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? మీరొచ్చాక వానలు వచ్చాయి, వెళ్లాయి. మా ఆవిడ రోజూ మీ గది ఊడుస్తుంది కదా. మీ పెట్టెకు కట్టిన తాడు ఇంకా విప్పనే లేదట."